తాడ్వాయి అడవిలో ఊరే నడిపే టూరిజం: రశీదు పుస్తకం ఎవరి చేతిలో ఉండాలి?

ఫోర్ట్‌రోడ్ వాసి | శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. పోయిన వారం ఇంటిల్లిపాదీ కేరళలోని తేక్కడి వెళ్లొచ్చాం. పెరియార్ అభయారణ్యంలో వెదురు తెప్ప ఎక్కి, అవతలి ఒడ్డున దిగి అడవిలో నడిచాం. మాతో వచ్చిన నలుగురు గైడ్లలో పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. ఒక చెట్టు దగ్గర ఆగి బెరడు మీద మానిపోయిన పాత గాటును చేత్తో తడిమి చూపించాడు. ఒకప్పుడు వాళ్లు రాత్రిపూట అడవిలో దూరి, ఆ వయన చెట్ల బెరడు ఒలిచి దాల్చినచెక్కగా అమ్ముకునేవాళ్లట. 1990ల చివర్లో పర్యావరణ అభివృద్ధి కమిటీలు వచ్చినప్పుడు అటవీ శాఖ వాళ్లనే కూర్చోబెట్టి మాట్లాడింది. ఏ దారిన దొంగ వస్తాడో, ఏ వాగు దగ్గర పడుకుంటాడో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు కదా. అప్పటి నుంచి వాళ్లే గైడ్లు, వాళ్లే కాపలా. అక్కడే వసంత సేన అని ఆడవాళ్ల బృందం ఉంది. జీతం లేకుండా వంతులు వేసుకుని అడవిలో గస్తీ తిరుగుతారు.

ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒకటే ఆలోచన. మన ములుగు, వరంగల్ వైపు తాడ్వాయి, ఏటూరునాగారం, పాకాల అడవుల్లో ఇలా ఊరే నడిపే ఏర్పాటు ఎందుకు కుదరదు? అటువైపు వాళ్లు, అడవి తెలిసినవాళ్లు చెప్పండి. నేను నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

పాకాల పిట్టలు | శనివారం, రాత్రి 10:05

మంచి విషయం ఎత్తారు అన్నా. ముందు ఒక్క తేడా చెప్పాలి. పెరియార్‌లో ఎక్కువ భాగం ఏడాది పొడవునా పచ్చగా ఉండే వాన అడవి. మనది ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు. మార్చి దాటితే మోడులే కనిపిస్తాయి, ఏప్రిల్‌లో మధ్యాహ్నం నడవలేం. మనకు మనుషులు వచ్చే కాలం జులై నుంచి ఫిబ్రవరి దాకానే. ఇది మనసులో పెట్టుకోకుండా కేరళ పద్ధతి దించితే నాలుగు నెలలు గెస్ట్‌హౌస్‌లకు తాళాలు పడతాయి.

నేను పిట్టల కోసం అరుణాచల్‌లోని ఈగల్‌నెస్ట్ వెళ్లాను. 2006లో రమణ ఆత్రేయ గారు అక్కడ బుగున్ లియోసిచ్లా అనే కొత్త పక్షిని లోకానికి చెప్పారు. సంఖ్య మరీ తక్కువగా ఉందని పిట్టను చంపకుండా, వలలో దొరికినదాని ఈకలు, ఫోటోలు, కూతతోనే వివరించి వదిలేశారు. దానికి అక్కడి బుగున్ తెగ పేరే పెట్టారు. ఇప్పుడు ఆ పిట్టను చూడాలని దేశదేశాల నుంచి వస్తారు, ఆ ఊరివాళ్లే క్యాంపు నడుపుతారు, వచ్చినవాళ్లు కట్టే రుసుములో తెగకు వాటా ఉంటుంది. 2017లో సింగ్‌చుంగ్ ఊరివాళ్లు తమ సొంత అడవిలో 17 చదరపు కిలోమీటర్లు కమ్యూనిటీ రిజర్వుగా, అంటే ఊరే కాపాడుకునే రక్షిత ప్రాంతంగా, ప్రకటింపజేసుకున్నారు. ఒక్క పిట్ట వల్ల! మన పాకాల ఒడ్డున పొద్దున ఆరింటికి నిలబడితే ఎన్ని పిట్టలు చూడొచ్చో చెప్తే ఎవరూ నమ్మరు.

తాడ్వాయి తమ్ముడు | ఆదివారం, ఉదయం 6:40

అన్నలకు నమస్తే. మాది తాడ్వాయి మండలంలో ఒక కోయ గూడెం. హన్మకొండలో డిగ్రీ చేసి ఊళ్లోనే ఉంటున్న.

ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్తా. శనివారం సాయంత్రం కార్లు వస్తయి. డిక్కీలో బియ్యం, చికెన్, మందు, నీళ్ల బాటిళ్లు అన్నీ సిటీ నుంచే తెచ్చుకుంటరు. వాగు ఒడ్డున వండుకుని, పాటలు పెట్టుకుని, ఆదివారం పోతరు. మా ఊళ్లో ఒక్క అగ్గిపెట్టె కూడా కొనరు. సోమవారం మా చెల్లె మేకలు తోలుకుపోతే కాలికి సీసా పెంకు గుచ్చుకుంది, నాలుగు కుట్లు పడ్డయి. ఊరికి మిగిలేది ఇంతే.

మా బతుకు మొత్తం అడవి కాలెండర్ మీదనే. మార్చిలో ఇప్పపువ్వు. తెల్లారకముందే లేచి చెట్టు కిందికి పోవాలె, ఆలస్యమైతే పశువులు తింటయి, ఒక్కోసారి గుడ్డెలుగు మాకంటే ముందే వచ్చి కూర్చుంటది. రాలిన పువ్వు మెత్తగా, చల్లగా ఉంటది, చేతికి జిగట అంటుకుంటది. ఎండ ఎక్కితే వాసన మారిపోతది. ఏప్రిల్ చివర్ల తునికాకు. యాభై ఆకులకు ఒక కట్ట, సాయంత్రానికి కల్లంలో అప్పజెప్పాలె. వానలు పడ్డంక పొలం. టూరిజం వస్తే వీటికి అడ్డం రాకుండా రావాలె.

ఇంకోమాట. ఎవరో కంపెనీవాళ్లు వచ్చి రిసార్ట్ కట్టి మమ్మల్ని వాచ్‌మన్‌గా, రూములు తుడిచేటోళ్లుగా పెట్టుకుంటే దాన్ని ఊరు నడిపే టూరిజం అనొద్దు. రశీదు పుస్తకం గ్రామసభ దగ్గర ఉంటేనే అది మాది.

లెక్కల మేడం | ఆదివారం, ఉదయం 11:15

తమ్ముడూ, ముందు చెల్లెలి కాలు ఎలా ఉంది? ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించారా?

నువ్వు చెప్పింది చదివాక కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఇవన్నీ నా అంచనాలు, తప్పుంటే దిద్దండి. వారాంతానికి 12 మంది, అంతకు మించకూడదు. ఒక రాత్రి బస, మూడు పూటల తిండి, నడక కలిపి తలకు 1,500. అంటే వారానికి 18,000. సీజన్‌లో 20 వారాంతాలు దొరికితే 3,60,000.

ఖర్చు: తిండికి తలకు 500 చొప్పున 1,20,000. వంట, గైడు, శుభ్రం చేసేవాళ్లు ఆరుగురు, రెండు రోజులు, రోజుకు 600 కూలి. అది 1,44,000. మిగిలేది 96,000.

60 ఇళ్ల ఊళ్లో పంచితే ఇంటికి 1,600. తునికాకు కొన్ని రోజులు కోసినా అంతకంటే ఎక్కువ వస్తుందేమో. అందుకే ఆ 96,000 ఇంటింటికీ పంచకూడదు అని నాకు అనిపిస్తోంది. ఫిబ్రవరి నుంచి మే దాకా అడవికి నిప్పు అంటుకునే కాలం. నలుగురు కాపలాదార్లను రోజుకు 400 చొప్పున 60 రోజులు పెడితే సరిగ్గా 96,000 అవుతుంది. వానకాలంలో వచ్చినవాళ్ల డబ్బు ఎండాకాలంలో అడవిని కాస్తుంది. కూలి, కూరగాయలు, కోళ్ల డబ్బు ఎలాగూ ఇళ్లలోకే వెళ్తుంది.

రిటైర్డ్ బీట్ | ఆదివారం, మధ్యాహ్నం 3:30

మేడం, నిప్పు మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. ముప్పై ఏళ్లు అడవి ఉద్యోగం చేశాను. మన దగ్గర అడవి దానంతట అది అంటుకోవడం చాలా అరుదు. బీడీ పీక, వంట పొయ్యి, దారిన పోయేవాడి నిర్లక్ష్యం. ఇంకొకటి ఇప్పపువ్వు. పువ్వు కనబడాలని చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు. అది పొద్దున చిన్న మంట, మధ్యాహ్నం గాలికి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. తమ్ముడు ఏమీ అనుకోకూడదు, నేను కళ్లారా చూసిందే చెప్తున్నాను. చెట్టు కింద వల కట్టుకుంటే మంట అవసరం ఉండదు, పువ్వుకు మట్టి అంటదు, ధర కూడా బాగా పలుకుతుంది. మొదటి ఏడాది డబ్బుతో వలలు కొనండి, కాపలా కంటే ముందు.

2024 ఆగస్టు 31న వచ్చిన గాలివాన గుర్తుందా? తాడ్వాయి, మేడారం మధ్య కొన్ని గంటల్లో వేల చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. చూసి ఏడ్చాను. కూలిన అడవిలో ఎండు కట్టె పోగుపడుతుంది, అక్కడ నిప్పు పడితే ఆపడం ఎవరి వల్లా కాదు.

వన సంరక్షణ సమితుల సంగతీ చెప్పాలి, అంటే అటవీ శాఖతో కలిసి అడవిని కాపాడే ఊరి సంఘాలు. 1990లలో ఉమ్మడి అటవీ యాజమాన్యం వచ్చినప్పుడు నేను పనిచేసిన ఒక ఊళ్లో సమితి ఎంత బాగా నడిచిందో! రాత్రి పది మంది లాంతర్లు పట్టుకుని టేకు దొంగలను తరిమారు. పదేళ్లకు అదే సమితి పేరుకే మిగిలింది. కారణం నాకు తెలుసు. బ్యాంకు ఖాతాలో ఊరి సంతకం ఒకటి, ఆఫీసు సంతకం ఒకటి ఉండేవి. వాళ్ల వాటా డబ్బు కోసం అధ్యక్షుడు పొలం పనులు వదిలి ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయాడు. నేను అప్పుడు చిన్న ఉద్యోగిని, ఏమీ చేయలేకపోయాను. ఆ మనిషి ముఖం ఇప్పటికీ కళ్లముందే ఉంది. రశీదు పుస్తకం గురించి తమ్ముడు అన్నది అక్షరాలా నిజం.

సంఘం అక్క | ఆదివారం, రాత్రి 8:50

నేను వాజేడు వైపు, మహిళా సంఘంలో ఉన్నాను. వానకాలంలో జలపాతానికి వచ్చేవాళ్లకు మేము నలుగురం కలిసి టిఫిన్లు పెడతాం.

మేడం లెక్క బాగుంది గానీ ఆడవాళ్ల పని అందులో తక్కువైంది. 12 మందికి మూడు పూటలు వండడం అంటే ముందురోజు నుంచే మొదలు. పప్పు ఏరడం, నీళ్లు మోయడం, అంట్లు, దుప్పట్లు ఉతకడం. బొంగులో చికెన్ అందరూ అడుగుతారు, దానికి పచ్చి వెదురు కొట్టుకురావాలి. అభయారణ్యంలో పచ్చి వెదురు ఇష్టమొచ్చినట్టు కొట్టకూడదు. అది మెనూలో పెట్టకండి. జొన్న రొట్టె, చింతచిగురు పప్పు, నాటుకోడి చాలు. చింతచిగురు ఎండబెట్టి దాచుకుంటే ఏడాదంతా వస్తుంది.

మరుగుదొడ్డి ముందు కట్టాలి, ఆ తర్వాతే మిగతావన్నీ. పట్నం ఆడపిల్లలు వచ్చి చీకట్లో ఎటు పోతారు? మా పిల్లలకైనా అదే కదా కావాల్సింది.

వాన గురించి అందరూ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 2023 జులై చివర్లో ముత్యంధార జలపాతం చూడడానికి పోయినవాళ్లు పదుల సంఖ్యలో వాగు పొంగి అడవిలోనే చిక్కుకుపోయారు. రాత్రి విపత్తు బృందాలు వెళ్లి తాళ్లతో దాటించాయి. ఆ రోజుల్లోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మా ఊరి పిల్లాడిని ఎవరిని అడిగినా ఆ సాయంత్రం వాగు దాటొద్దనే చెప్పేవాడు. నీళ్ల రంగు ఎర్రగా మారి, ఆకులు, పుల్లలు కొట్టుకురావడం మొదలైతే పైన వాన పడిందని అర్థం, మన నెత్తిన ఎండ ఉన్నా సరే. ఇది తెలిసిన మనిషి తోడుంటే చాలు. గైడు అంటే చెట్ల పేర్లు చెప్పేవాడు ఒక్కటే కాదు.

నర్సంపేట టు డల్లాస్ | సోమవారం, ఉదయం 7:10

అక్క చెప్పిన వాగు నీళ్ల మాట చదివి మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

పెరూలో తంబోపాటా నది మీద పోసాదా అమెజొనాస్ అనే లాడ్జి ఉంది, నేను మూడేళ్ల కిందట వెళ్లాను. అమెజాన్ వాన అడవి. ఇన్‌ఫియెర్నో అనే ఊరి ఎసె ఎహా ఆదివాసులు, ఒక ప్రైవేటు సంస్థ కలిసి 1996లో 20 ఏళ్లకు ఒప్పందం రాసుకున్నారు. లాభంలో ఊరికి 60 వంతులు, సంస్థకు 40. నిర్ణయాల్లో మాత్రం ఇద్దరిదీ సమానం. గడువు తీరేలోగా ఊరివాళ్లు పని అంతా నేర్చుకోవాలన్నది ఉద్దేశం. బొలీవియాలో చలలాన్ అని ఇంకొకటి ఉంది. దాన్ని నిలబెట్టిన బయటి సంస్థ 2001లో పూర్తిగా ఊరివాళ్లకే అప్పగించింది.

నాకు నచ్చింది 60 అనే అంకె కాదు, 20 ఏళ్ల గడువు. బయటివాడు ఎప్పుడు వెళ్లిపోవాలో మొదటి రోజే కాగితం మీద రాసి ఉంది.

కడెం కాలువ | సోమవారం, ఉదయం 9:45

జన్నారం వైపు నుంచి రాస్తున్నా. ఒక భయం ఉంది, అది చెప్పకుండా ఈ చర్చ పూర్తి కాదు. కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యం అయ్యింది. సఫారీ జీపులు వచ్చాయి, కొంతమందికి పని దొరికింది, మంచిదే. కానీ లోపలి ఊళ్లకు బయటికి రమ్మని అడగడమూ మొదలైంది. రాంపూర్, మైసంపేట వాళ్లు ఊరు వదిలి కడెం వైపు కొత్త కాలనీకి వచ్చారు. 2025 మే నెలలో కుమురం భీం జిల్లాలో అడవిని కన్జర్వేషన్ రిజర్వుగా (వన్యప్రాణుల రక్షిత ప్రాంతంగా) ప్రకటిస్తూ జీవో 49 వచ్చినప్పుడు ఆదివాసులు రోడ్డెక్కారు, జులైలో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది.

కాబట్టి మన ఊళ్లలో ఎవరైనా ‘టూరిజం’, ‘సంరక్షణ’ అంటూ వస్తే పెద్దమనుషుల మనసులో మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: రేపు మమ్మల్ని ఇక్కడి నుంచి లేపుతారా? దానికి జవాబు లేకుండా లెక్కలు వేస్తే ఎవరూ వినరు. నేను వ్యతిరేకం కాదు. పులి ఉండాలని నాకూ ఉంది. మనిషీ ఉండాలి.

ఊరి వకీలు | సోమవారం, రాత్రి 9:30

కడెం తమ్ముడి ప్రశ్నకు చట్టంలో ఉన్న జవాబు చెప్తాను. 2006 అటవీ హక్కుల చట్టం పోడు పట్టాలకే అని మన దగ్గర చాలామంది అనుకుంటారు. దానిలో సెక్షన్ 3(1)(ఐ) చూడండి. ఊరు సంప్రదాయంగా వాడుకుంటూ కాపాడుతున్న అడవిని రక్షించుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామసభది. సెక్షన్ 5 అడవిని, వన్యప్రాణులను కాపాడే అధికారం కూడా గ్రామసభకు ఇస్తుంది. ఈ చట్టం అభయారణ్యాల్లోనూ వర్తిస్తుంది. దరఖాస్తు ఫారం ‘సి’. అది 2012 సవరణ నిబంధనలతో వచ్చింది.

పిట్టల అన్న చెప్పిన సింగ్‌చుంగ్ దారి మనకు నేరుగా కుదరదు. కమ్యూనిటీ రిజర్వు ప్రకటించాలంటే అది అప్పటికే అభయారణ్యంలో ఉన్న భూమి కాకూడదు. ఏటూరునాగారం 1950ల నుంచే అభయారణ్యం. లోపలికి టూరిస్టులను తీసుకెళ్లాలంటే 1972 వన్యప్రాణి చట్టం సెక్షన్ 28 కింద అటవీ శాఖ అనుమతి తప్పదు. అడవి భూమిలో కొత్త కట్టడం లేపితే ఇంకో చట్టం అడ్డొస్తుంది. అందుకే నా సలహా: ఏమీ కట్టొద్దు. ఊళ్లో ఉన్న ఇళ్లలోనే బస, అనుమతి ఉన్న దారిలోనే నడక. షెడ్యూల్డ్ ప్రాంతం కాబట్టి గిరిజన ప్రాంతాల్లో గ్రామసభకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టమూ మీకు తోడుంది. గ్రామసభ తీర్మానం మొదటి కాగితం కావాలి, ఐటీడీఏకు (గిరిజనాభివృద్ధి సంస్థకు), అటవీ శాఖకు ఇచ్చేవి ఆ తర్వాత.

ఫారం నింపడానికి నేను వస్తాను. ఫీజు మాట ఎత్తొద్దు.

రిటైర్డ్ బీట్ | సోమవారం, రాత్రి 10:02

వకీలు గారూ, పటం గీయడానికి నన్ను పిలవండి. అక్కడి అటవీ కంపార్టుమెంట్ల (అడవిని విభజించిన భాగాల) హద్దులు నాకు కంఠతా వచ్చు.

ఫోర్ట్‌రోడ్ వాసి | మంగళవారం, ఉదయం 8:15

నేను అడిగింది ఒక చిన్న ప్రశ్న, మీరు ఇంత ఓపికగా చెప్తారని అనుకోలేదు. మారేడుమిల్లి ఎవరైనా చూశారా? భద్రాచలం, చింతూరు మీదుగా ఘాట్ రోడ్డున వెళ్తే అక్కడ వన సంరక్షణ సమితులే బసలు నడుపుతున్నాయి. తెలుగు మాట్లాడే ఊళ్లే కాబట్టి మనవాళ్లు వెళ్లి నాలుగు రోజులు ఉండి, రిజిస్టర్లు ఎలా రాస్తున్నారో చూసి రావచ్చు. ఊరి నుంచి ఐదుగురు, వాళ్లలో కనీసం ముగ్గురు ఆడవాళ్లు బయల్దేరితే బండి ఖర్చు నాది.

తాడ్వాయి తమ్ముడు | గురువారం, రాత్రి 9:10

మేడం, చెల్లె కాలు మానింది. ఇంజెక్షన్ వేయించినం.

నిన్న రాత్రి ఊళ్లో కూర్చున్నం. ఇవన్నీ చదివి వినిపించిన. రెండు గంటలు మాట్లాడిన్రు. మా పెద్దయ్య మొదట ఒప్పుకోలే. ‘మనం వాళ్లకు బొమ్మలమా’ అన్నడు. మేడారం జాతరకు లక్షల మంది వస్తరు, వాళ్లు తల్లుల కోసం వస్తరు, మమ్మల్ని చూడడానికి కాదు. ఆ తేడా పోవద్దని ఆయన బాధ. చివరికి ఆయనే కొన్ని మాటలు చెప్పి ఒప్పుకున్నడు. పండుగ ఆట ఎవరికోసమూ టికెట్టుకు ఆడేది లేదు. గుట్ట మీద వేల్పుల చోటుకు బయటోళ్లను తీసుకుపోవద్దు. మందు తెస్తే అదే బండిలో వెనక్కి. కొత్తల పండుగ, ఇప్పపువ్వు, తునికాకు రోజుల్లో ఎవరూ రావద్దు. ఫోటో తీసే ముందు మనిషిని అడగాలె.

ఇల్లు ఇస్తామని నాలుగు కుటుంబాలు ముందుకొచ్చినయి. ఇంకా రాత్రి బస వద్దు, ముందు పగటి నడకే చేసి చూద్దామన్నరు. దామరవాయి గుట్ట మీద రాక్షసగుళ్లు ఉన్నయి కదా, పెద్ద పెద్ద బండలు నిలబెట్టి పైన రాతిపలక కప్పిన పాతకాలం సమాధులు. అటువైపు అనుమతి అడుగుతున్నం. వకీలు అన్న, బీట్ సార్ ఈ ఆదివారం వస్తమన్నరు, దరఖాస్తు కాగితాలు ముందేసుకుంటం.

ములుగులో రశీదు పుస్తకం ప్రింట్‌కు ఇచ్చిన. మూడు కాపీలు: వచ్చినోళ్లకు ఒకటి, గ్రామసభకు ఒకటి, సంఘానికి ఒకటి. నంబర్లు వేయించిన, చించితే తెలుస్తది.

లెక్కల మేడం | గురువారం, రాత్రి 9:40

జమాఖర్చుల రిజిస్టర్ నేను తెస్తాను. మీ చెల్లెలికి రాయడం నేర్పిస్తాను, పదో తరగతి చదివిందన్నావు కదా. నెలనెలా గ్రామసభలో తనే చదివి వినిపించాలి.

పాకాల పిట్టలు | గురువారం, రాత్రి 10:20

అనుమతి రాగానే మొదటి నడకకు నా పేరు రాయండి. రెండు బైనాక్యులర్లు మీ ఊరికి ఇచ్చేస్తాను. ఊరి పిల్లలు పిట్టలకు కోయ భాషలో ఏం పేర్లు చెప్తారో రాసుకోవాలని ఉంది.

సంఘం అక్క | శుక్రవారం, ఉదయం 5:55

తమ్మీ, మీ ఊరి ఆడవాళ్లు ఒకసారి మా దగ్గరకు వచ్చి శని, ఆదివారాలు మాతో పాటు వండండి. పెద్ద గిన్నెలు మావి తీసుకుపోండి, కొత్తవి కొనకండి. స్టీలు పళ్లేలు యాభై ఉన్నాయి, పేపర్ ప్లేట్ల జోలికి పోవద్దు. ఆదివారం కాగితాల పనికి ఎంతమంది వస్తున్నారో, కోడి తినని వాళ్లు ఎవరో ఈ సాయంత్రంలోగా ఇక్కడే రాయండి. పప్పు నానబెట్టాలి.